మూత్రములో మంట: అలక్ష్యము చేయరాని హెచ్చరిక

జ్వరము వచ్చినచో పదిమందికి చెప్పుకొందుము. దగ్గు వచ్చినచో అడుగకుండగనే ఇరుగుపొరుగువారు మందు చెప్పుదురు. కాని మూత్రము పోయునపుడు మంట పుట్టుచున్నదని చెప్పుటకు మాత్రము చాలమందికి నోరు రాదు. కోడలు అత్తగారికి చెప్పుటకు సంకోచించును. మగవాడు డాక్టరునకు చెప్పుటకు సిగ్గుపడును. ఆ సిగ్గు చాటున వ్యాధి పెరుగును. రెండుమూడు దినముల మందుతో కుదురవలసిన చిన్న జబ్బు ఒక్కొక్కప్పుడు మూత్రపిండములవరకు ప్రాకి, ప్రాణముమీదికి తెచ్చును.

ఈ పాఠము ముఖ్యముగా బిలాసపూరు రైల్వే కాలనీలలో నివసించు తెలుగు కుటుంబముల కొరకు వ్రాయబడినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ ప్రాంతమున ఇనుపదారి వేసిన నాటినుండి బిలాసపూరు రైళ్ల ఊరుగా పెరిగినది. విజయనగరము నుండి రాయపూరునకు పోవు మార్గము 1931లో పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రము నుండి ఇటు రాకపోకలు మరింత సుగమమైనవి. 2003లో ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానమైనది. తరతరములుగా ఇచట రైలు కొలువు చేయుచున్న మన కుటుంబములలో, మూత్రవ్యాధికి తోడ్పడు పరిస్థితులు మూడు కలవు. వేళాపాళా లేని డ్యూటీలు మొదటిది. మండు వేసవి రెండవది. బాధను పరభాషలో చెప్పుకొనవలసి వచ్చుట మూడవది. ఈ మూడింటిని గూర్చియు ముందు తెలిసికొందము.

మూత్రము పుట్టు విధము

నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరువైపుల, రెండు మూత్రపిండములు కలవు. చిక్కుడు గింజ ఆకారముగల ఈ రెండు అవయవములును దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. దానిలో అధికభాగము మరల రక్తములోనికే పోవును. మిగిలిన లీటరు మొదలు రెండు లీటర్ల మలిన ద్రవమే మూత్రము. అది రెండు సన్నని నాళముల ద్వారా క్రిందికి దిగి, పొత్తికడుపులోని మూత్రాశయమున చేరును. మూత్రాశయము ఒక సంచి వంటిది. అది నిండినప్పుడు మూత్రమార్గము ద్వారా మూత్రము వెలుపలికి పోవును.

మూత్రము ఎల్లప్పుడు పైనుండి క్రిందికి ప్రవహించును. ఈ ప్రవాహమే మన శరీరమునకు సహజమైన రక్షణ. కాలువలో నీరు పారుచున్నంత కాలము పాచి పట్టదు, నిలిచినచో పట్టును. మూత్రము విషయమును అట్టిదే.

సూక్ష్మజీవులు ప్రవేశించు విధము

మన ప్రేగులలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించును. వానిలో ఒకటి ఈ. కొలై అనునది. 1885లో థియొడోర్ ఎషెరిక్ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెను. ప్రేగులలో ఉన్నంతవరకు దీనివలన సామాన్యముగా బాధ లేదు. అది మలద్వార ప్రాంతమునుండి మూత్రమార్గములోనికి చేరి, మూత్రాశయమునకు ఎగబ్రాకినపుడు వ్యాధి కలుగును. ఆరోగ్యవంతులైన స్త్రీలకు వచ్చు మూత్రవ్యాధులలో నాల్గింట మూడువంతులకు పైగా దీనివలన కలుగునవే. డాక్టర్లు దీనినే యూరిన్ ఇన్ఫెక్షను అందురు.

స్త్రీలకు ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుటకు శరీర నిర్మాణమే కారణము. పురుషునిలో మూత్రమార్గము సుమారు 20 సెంటీమీటర్ల పొడవు ఉండగా, స్త్రీలో సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే యుండును. సూక్ష్మజీవి నడువవలసిన దూరము అంత తక్కువ. కావుననే స్త్రీలలో ఇంచుమించు సగముమందికి జీవితములో ఒక్కసారియైనను ఈ వ్యాధి సోకును. ఇందు వారి నడవడి లోపముగాని, శుభ్రత లోపముగాని ఉన్నదని తలంచి నిందించుట అన్యాయము.

మూత్రమును బిగబట్టుట ఎందుకు చెడ్డదో ఒక లెక్క చూడుడు. అనుకూలమైన పరిస్థితులలో ఈ. కొలై 20 నిమిషముల కొకసారి రెట్టింపగును. ఎనిమిది గంటల డ్యూటీలో 24 మారులు రెట్టింపైనచో, ఒక్క జీవి 1,67,77,216 జీవులగును. ఇది కాగితముపై లెక్కయే; శరీరము ఊరకుండక దానిని ఎదుర్కొనును. అయినను మూత్రాశయమును ఖాళీచేసిన ప్రతిసారి ఎంత శత్రుసైన్యము బయటికి కొట్టుకొనిపోవునో ఈ లెక్కవలన తెలియును.

వ్యాధిని గుర్తించుట

మూత్రాశయమునకు సోకిన వ్యాధి లక్షణములు ఇవి:

1. మూత్రము పోయునపుడు మంట, లేక నొప్పి.
2. మాటిమాటికి పోవలెననిపించుట, పోయినచో కొంచెమే వచ్చుట.
3. ఆపుకొనలేనంత తొందర కలుగుట. రాత్రి పలుమారులు లేవవలసి వచ్చుట.
4. పొత్తికడుపులో బరువు, లేక నొప్పి.
5. మూత్రము కలకబారుట, దుర్వాసన వేయుట, ఒక్కొక్కప్పుడు రక్తము కనబడుట.

మూత్రపిండములకు ప్రాకిన వ్యాధి లక్షణములు వేరు. అవి చలితో కూడిన జ్వరము, ప్రక్కటెముకల క్రింద వీపున ఒకవైపు నొప్పి, వాంతులు, మిక్కిలి నీరసము. వీనిలో ఏ ఒక్కటి కనబడినను అదే దినమున ఆసుపత్రికి పోవలెను. తెల్లవారువరకు ఆగుట మంచిది కాదు.

అందరిలోను లక్షణములు ఒకే తీరున ఉండవు. చంటిబిడ్డ మంట అని చెప్పలేదు. కారణము తెలియని జ్వరము, పాలు త్రాగకుండుట, వాంతి, ఎడతెగని ఏడుపు మాత్రమే కనబడవచ్చును. అట్టి బిడ్డకు మూత్రపరీక్ష చేయింపవలెను. ముసలివారిలో జ్వరము లేకుండగనే హఠాత్తుగా తికమక, మాట తడబాటు కలుగవచ్చును. దీనికి వేరు కారణములును ఉండవచ్చును గనుక డాక్టరు చూచి నిర్ణయింపవలెను. స్త్రీలకు తెల్లబట్టతో కూడిన దురద, పురుషులకు మూత్రమార్గమునుండి చీము వచ్చుట వేరు వ్యాధుల గుర్తులు కావచ్చును. నొప్పి లేకుండ రక్తము మాత్రమే కనబడుచున్నచో, ముఖ్యముగా నలువది ఏండ్లు దాటినవారు, తప్పక పరీక్షింపించుకొనవలెను.

“వేడి చేసినది” అను మాట

మన ఇండ్లలో మూత్రపు మంటకు ఒకే పేరు కలదు: వేడి. ఈ మాటవలన కలుగు కీడును ఒక ఉదాహరణముతో చెప్పుదుము. ఇది ఫలానావారి కథ యని కాదు. ఏ క్వార్టరులోనైనను జరుగదగినది.

వైశాఖమాసము. లోకోషెడ్డులో ఫిట్టరుగా నున్న యువకుని భార్య విజయనగరమున పుట్టింటికి పోయి, తిరుగు రైలెక్కినది. బండి క్రిక్కిరిసి యున్నది. మరుగుదొడ్డికి పోవలసి వచ్చునను భయముతో ఆమె రాత్రంతయు గ్రుక్కెడు నీరైన త్రాగలేదు. ఇల్లు చేరిన మరునాడు మంట మొదలైనది. సిగ్గు విడిచి అత్తగారితో చెప్పినది.

“ఎండలో వచ్చితివి కదమ్మా, వేడి చేసినది. చోడి అంబలి త్రాగి, సబ్జా నీళ్లు పుచ్చుకొని పడుకో,” అని అత్తగారు ప్రేమతోనే చెప్పినది.

మూడు దినములు గడచినవి. మంట తగ్గలేదు. ప్రక్క క్వార్టరులోని వదిన, తన యింట మిగిలిన రెండు మాత్రలు తెచ్చి యిచ్చినది. అవి వేసికొన్న పూట కొంత హాయి తోచినది. అయిదవనాటి రాత్రి చలి పుట్టి వణకు వచ్చినది. కుడిప్రక్క వీపున నొప్పి, ఆపై వాంతులు. తెల్లవారుజామున భర్త ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయినాడు. సూక్ష్మజీవులు మూత్రపిండమునకు చేరినవని డాక్టరు చెప్పి, నరము ద్వారా మందులెక్కించుటకు ఆసుపత్రిలో చేర్చుకొనినాడు. ఆమె బ్రదికినది. కాని చీటీతో పోవలసిన జబ్బునకు పడక పట్టవలసి వచ్చినది.

ఇందు అంబలి చేసిన తప్పేమియు లేదు. నీరు తక్కువైనచో మూత్రము చిక్కబడి, పసుపుపచ్చనై, కొంత చురుక్కుమనుట నిజమే. అట్టి దానికి నీరు, మజ్జిగ, బార్లీ నీళ్లు మేలు చేయును. కాని సూక్ష్మజీవులను చంపు శక్తి వానికి లేదు. కావున ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు: ఒక పూట నిండుగ నీరు త్రాగుడు. మూత్రము తెల్లబడి మంటయు పోయినచో మంచిదే. మూత్రము తెల్లబడినను మంట నిలిచియున్నచో అది వేడి కాదు, వ్యాధి. మరునాటికే డాక్టరునకు చూపించుకొనవలెను. జ్వరము, వీపునొప్పి, రక్తము ఉన్నచో ఆ ఒక్క పూటయు ఆగరాదు.

ఉపేక్షించిన కలుగు ప్రమాదములు

మూత్రాశయమున సోకిన వ్యాధి కొందరిలో తనంతట తానే తగ్గును. ఎవరిలో తగ్గునో, ఎవరిలో పైకి ప్రాకునో ముందుగా చెప్పుట సాధ్యము కాదు. మూత్రపిండమునకు చేరిన సూక్ష్మజీవులు అచటినుండి రక్తములో ప్రవేశింపవచ్చును. అప్పుడు రక్తపుపోటు పడిపోయి, ఇతర అవయవములు పనిచేయుట మానివేయును. 2019లో ప్రపంచమున సుమారు 40 కోట్లమందికి మూత్రవ్యాధులు సోకినవనియు, 2 లక్షల 30 వేలకు పైగా మరణించిరనియు అంచనా. ప్రాణము దక్కినను, పదేపదే వచ్చిన వ్యాధివలన మూత్రపిండమునకు మచ్చలుపడవచ్చును. పసిపిల్లలలో ఈ భయము మరింత ఎక్కువ. కొన్ని జాతుల సూక్ష్మజీవులు మూత్రపిండములలో రాళ్లు పెరుగుటకును కారణమగును.

ఈ క్రిందివారు “ఒక పూట చూతము” అని ఆగక, మంట పుట్టిన దినముననే డాక్టరునకు చూపించుకొనవలెను: గర్భిణులు, పసిపిల్లలు, పురుషులు, మధుమేహము కలవారు, మూత్రపిండములలో రాళ్లున్నవారు, మూత్రము కొరకు గొట్టము అమర్చబడినవారు.

గర్భిణుల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. గర్భమువలన మూత్రనాళములు వదులై, మూత్రము నెమ్మదిగా పారును. మంటయే లేకుండ సూక్ష్మజీవులు పెరుగుచుండవచ్చును. గర్భిణులలో నూటికి 2 మొదలు 10 మందికి ఇట్లుండును. చికిత్స చేయనిచో వారిలో నూటికి 30 మంది వరకు మూత్రపిండ వ్యాధికి గురియగుదురు. దానివలన నెలలు నిండకుండ కాన్పు అగుటయు, బిడ్డ బరువు తగ్గుటయు కలుగును. కావున గర్భిణి తన మొదటి పరీక్షలలోనే మూత్రమునకు కల్చరు పరీక్ష చేయుమని అడుగవలెను.

పరీక్ష

మూత్రమును పట్టి యిచ్చుటలో ఒక పద్ధతి కలదు. ముందుగా ఆ ప్రాంతమును నీటితో శుభ్రము చేసికొనవలెను. మొదట వచ్చు మూత్రమును విడిచివేసి, నడుమ వచ్చు మూత్రమును ఆసుపత్రివారిచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టవలెను. ఇంటిలోని మందుసీసా, పచ్చడిసీసా పనికిరాదు. పట్టిన మూత్రమును గంట, రెండు గంటలలోపల పరీక్షశాలకు చేర్చవలెను. బిలాసపూరు ఎండలో సంచిలో పెట్టుకొని తిరిగినచో దానిలో సూక్ష్మజీవులు పెరిగి, పరీక్ష తప్పుదారి పట్టును. సాధ్యమైనంతవరకు మందు మొదలుపెట్టుటకు ముందే మూత్రము పట్టియుంచవలెను.

కల్చరు పరీక్షకు ఒకటి రెండు దినములు పట్టును. ఏ జాతి సూక్ష్మజీవియో, ఏ మందునకు లొంగునో దానివలన తెలియును. 1956లో ఎడ్వర్డ్ కాస్ అను అమెరికా వైద్యుడు, ఒక మిల్లీలీటరు మూత్రములో లక్ష సూక్ష్మజీవులకు మించియున్నచో దానిని నిజమైన వ్యాధిచిహ్నముగా ఎంచవచ్చునని చూపెను. ఆ కొలత నేటికిని వాడుకలో ఉన్నది. లక్షణములున్నవారిలో తక్కువ సంఖ్యనుకూడ డాక్టర్లు లెక్కలోనికి తీసికొందురు. బాధ ఏమియు లేనివారికి, ముఖ్యముగా వృద్ధులకు, కాగితములో సూక్ష్మజీవులని వ్రాసియున్నంత మాత్రమున మందు అవసరము లేదు. గర్భిణులు దీనికి మినహాయింపు.

చికిత్స

యాంటీబయోటిక్కులనబడు ఔషధములే ఈ వ్యాధికి ముఖ్యమైన చికిత్స. 1953 నుండి వాడుకలోనున్న నైట్రోఫ్యూరాంటోయిన్ అను మందు నేటికిని మూత్రాశయ వ్యాధికి మంచి పనిచేయుచున్నది. అయినను ఎవరికి ఏ మందు, ఎన్ని దినములు అను విషయమును డాక్టరు మాత్రమే నిర్ణయింపవలెను. మంట తగ్గించు సిరపులు సూక్ష్మజీవులను చంపవు. మూత్రమును క్షారముగా మార్చునవి కొన్ని మందుల బలమును తగ్గించును గనుక, అవి వాడుచున్నచో డాక్టరునకు తెలుపవలెను.

భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలముననే, ఆ సంస్థనుండి టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. ఆ తరమువారు ఇచ్చిన ధనమును మనము దుబారా చేయుచున్నాము. వ్యాధికి తగని మందు వాడినను, మందును చాలీచాలని మోతాదులో వాడినను, దానికి లొంగని సూక్ష్మజీవులు మిగిలి పెరుగును. పెన్సిలిన్ కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే ఈ ప్రమాదమును గూర్చి హెచ్చరించెను. ప్రక్కింటి వదిన మిగిల్చిన రెండు మాత్రలు చేసిన కీడు ఇదియే. భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లో ఎర్రగీత ప్రచారమును ప్రారంభించినది. మాత్రల అట్టపై నిలువున ఎర్రగీత ఉన్నచో, డాక్టరు చీటీ లేకుండ ఆ మందును కొనరాదు, వాడరాదు, ఇతరులకు ఈయరాదు.

మందు మొదలుపెట్టిన రెండు దినములలో బాధ తగ్గనిచో, లేక నడుమ జ్వరము వచ్చినచో, మరల డాక్టరునొద్దకు పోవలెను.

నివారణ

1. దాహమయ్యేవరకు ఆగక నీరు త్రాగుడు. 2018లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, తరచు ఈ వ్యాధి వచ్చుచు, నీరు తక్కువగా త్రాగు 140 మంది స్త్రీలను పరిశీలించిరి. దినమునకు ఒకటిన్నర లీటరు నీరు అదనముగా త్రాగినవారికి ఏడాదిలో సగటున 1.7 మారులు, త్రాగనివారికి 3.2 మారులు వ్యాధి వచ్చినది. గుండెజబ్బు, మూత్రపిండ జబ్బు ఉన్నవారు మాత్రము డాక్టరు చెప్పిన కొలత మీరరాదు.
2. మూత్రమును బిగబట్టరాదు. మూడు నాలుగు గంటల కొకసారి పోవుట మంచిది.
3. మలవిసర్జన తరువాత ముందునుండి వెనుకకు కడుగుకొనవలెను. ఆడపిల్లలకు తల్లులు చిన్ననాడే ఈ అలవాటు నేర్పవలెను.
4. దాంపత్యము తరువాత స్త్రీలు మూత్రవిసర్జన చేయుట మంచిది.
5. మలబద్ధకమును, మధుమేహమును అదుపులో ఉంచుకొనవలెను.

రైలు కొలువులోనివారికి ఒక మాట. రైలింజన్లలో మరుగుదొడ్లు అమర్చుట 2016లో మొదలైనదే గాని, అన్ని ఇంజన్లకును అవి ఇంకను సమకూడలేదు. స్త్రీలును ఇంజను నడుపుచున్న ఈ దినములలో ఇది మరింత పట్టించుకొనదగిన విషయము. డ్యూటీ ఎక్కుటకు ముందును, బండి ఆగి వీలు దొరికిన ప్రతి స్టేషనులోను మూత్రాశయమును ఖాళీచేసికొనవలెను. దొడ్డికి పోవలసి వచ్చునని నీరు మానుట ప్రయాణికులకు గాని, ఉద్యోగులకు గాని తగదు.

డాక్టరుతో చెప్పుట

బిలాసపూరులో రైల్వే కేంద్రీయ ఆసుపత్రియు, 2001లో స్థాపింపబడిన సిమ్స్ వైద్యకళాశాల ఆసుపత్రియు కలవు. 2002 నుండి ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ అను పేర స్త్రీలు ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేయుచున్నారు. ఛత్తీస్‌గఢీ భాషలో మితానిన్ అనగా నేస్తురాలు. డాక్టరుతో చెప్పలేని మాటను ఆమెతో చెప్పవచ్చును. హిందీ రాని పెద్దవారు ఈ మూడు మాటలు నేర్చుకొనిన చాలును: “పేశాబ్ మేఁ జలన్ హై” అనగా మూత్రములో మంట, “బుఖార్ ఔర్ కఁప్‌కఁపీ హై” అనగా జ్వరము, వణకు, “పీఠ్ మేఁ దర్ద్ హై” అనగా వీపున నొప్పి. రోగి స్థితి విషమించినచో 108కు ఫోను చేయవలెను.

పాఠసారము

నీరు త్రాగినను తగ్గని మంట వేడి కాదు. జ్వరము, వణకు, వీపునొప్పి తోడైనచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. గర్భిణి, పసిబిడ్డ, పురుషుడు, మధుమేహి ఒక పూటయు ఆగరాదు. ఒకరి మందు మరొకరు వాడరాదు. అన్నింటికంటె ముఖ్యము, సిగ్గు విడిచి చెప్పుట. ఇంటిలో ఎవరైన చెప్పినపుడు నవ్వక, నిందింపక వినుట ఇంటిపెద్దల విధి.

ప్రశ్నలు

1. స్త్రీలకు ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుటకు కారణమేమి?
2. వ్యాధి మూత్రపిండములకు ప్రాకినదని ఏ గుర్తులవలన తెలియును?
3. పై ఉదాహరణములో అత్తగారు, వదిన, కోడలు ఎచ్చట పొరబడిరి? మీరైనచో ఏమి చేసియుందురు?
4. మాత్రల అట్టపై ఎర్రగీత దేనిని తెలుపును?